శ్రీ కింద మొదటి వరుస

బంగారు గని మూతపడే నాటికి సీతారామ ల్యాంపు రూములో గుమాస్తా. కిందికి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఇవ్వడం, ఆ మనిషి పైకి వచ్చాక దాన్ని తిరిగి తీసుకోవడం ఆయన ఉద్యోగం. తాను మాత్రం ఒక్కసారి కూడా గనిలోకి దిగలేదు. ఎవరైనా అడిగితే, "పైన కూడా ఒకడు ఉండాల గదా" అనేవాడు. గని మూతపడ్డాక కింద ఎవరూ లేరు కాబట్టి, పైన ఒకడు ఉండవలసిన అవసరమూ పోయింది.

ఆ తర్వాత రాబర్ట్‌సన్‌పేటలో ఒక మేడ మీది కంప్యూటరు సెంటరుకు పోయి, తన కూతురి వయసు పిల్లల మధ్యన కూర్చున్నాడు. మొదటి రోజే, కీబోర్డు మీద అక్షరాలు ఎందుకు వరుసగా లేవని మాస్టరును అడిగాడు. మాస్టరు తనకూ తెలియదన్నాడు. తెలియదని ఒప్పుకున్న మనిషి దగ్గర నేర్చుకోవచ్చునని సీతారామ ఫీజు కట్టాడు.

కూతురు నమ్రత ఇంట్లో ఆయనకు మళ్ళీ పాఠం చెప్పేది. ఆ పిల్ల చేతులు కీబోర్డును చూడకుండానే పరుగెత్తేవి. తండ్రి ఒక్క వేలితో కొడుతుంటే, "నాయనా, అది కాలింగ్ బెల్లు కాదు" అనేది. తర్వాత ఒక వానకాలం జ్వరమని ఆసుపత్రికి తీసుకుపోయిన పిల్ల ఇంటికి రాలేదు. ఆయన భార్య నాగరత్న దీనికి మించి ఎవరికీ చెప్పదు. అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

ఆ పైన సీతారామ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని కాంపౌండు గోడను చూడడం మొదలుపెట్టాడు. గోడలో చూడవలసినది ఏమీ లేదు. సున్నం కూడా లేదు. నాగరత్న బట్టలు ఉతకాలంటే ఆయన లేవాలి. లే అంటే లేచేవాడు, నిలబడి గోడను చూసేవాడు, ఉతకడం అయ్యాక మళ్ళీ కూర్చునేవాడు. పులుసులో ఉప్పు మరిచిపోయినా అడగకుండా తినేవాడు. అట్లా ఏడాది దాటింది.

ఆయనను అక్కడినుంచి లేపింది నాగరత్న కాదు, దేవుడు కాదు, మాస్తి అనే ఊరినుంచి వచ్చిన ఒక ఫోను. ల్యాంపు రూములో ఆయనతో పనిచేసి ఊరు వదిలిపోయినవాడు ఒకాయన, తన తల్లి ఆబ్దికం ఈ ఏడు ఏ రోజున వస్తుందో పంచాంగం చూసి చెప్పమన్నాడు. సీతారామ లేచి పంచాంగం వెతికాడు. చూసి చెప్పాడు. ఆ మాట నోటినోటా పాకింది. గని ఆఫీసుల్లో పనిచేసి చెట్టుకొకరు పుట్టకొకరుగా వెళ్ళిపోయిన కుటుంబాలన్నీ ఆయనకే ఫోను చేయడం మొదలుపెట్టాయి. చివరకు నాగరత్న అన్న కొడుకు సుధీంద్ర ఒక వెబ్ పేజీ తయారుచేశాడు. మనిషి పోయిన తేదీ కొడితే ఆ ఏడు తిథి ఏ రోజున పడుతుందో పేజీయే లెక్కగట్టి చెబుతుంది. గని గుమాస్తాల సంఘం తన గదిలోని కంప్యూటరును దానికి ఇచ్చింది. ఆ కంప్యూటరును చూసుకునేది సీతారామ. రోజూ పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని సంఘం గదికి పోయేవాడు. పేజీ ఉన్నా జనం ఫోను మానలేదు. పేజీ చూశాం, అది చెప్పింది సరేనా అని అడగడానికి చేసేవాళ్ళు.

ఇంతలో కంప్యూటరు చచ్చింది. గని తవ్వి పోసిన దిబ్బల మీదినుంచి గాలికి లేచే తెల్ల దుమ్ము ఊళ్ళో అందరి గొంతుల్లోకి పోయినట్టే దాని లోపలికీ పోయింది. సంఘం కొత్తది కొన్నది. సంఘం గదికి సున్నం వేస్తున్నారని దాన్ని సీతారామ ఇంటికి తెచ్చి, నాగరత్న కుట్టుమిషను బల్ల మీద పెట్టుకున్నాడు. నాగరత్న కుట్టుకోవలసిన జాకెట్లు మంచం కిందికి పోయాయి.

సంఘం ప్రెసిడెంటు తిమ్మరాయప్ప చూడడానికి వచ్చాడు. పెద్ద గొంతు మనిషి. గనిలో మోటార్ల పక్కన పనిచేసినవాడు కాబట్టి, ఎదుటివాడు దగ్గరలో ఉన్నా దూరంలో ఉన్నా ఒకే గొంతు.

"ఏమప్పా సీతారామా, పెళ్ళిచూపులకు వచ్చినోడి మాదిరి దాని మొగం చూస్తా కూర్చున్నావే! అయిందా?"

"సర్వరు పెట్టినాను. మాడ్యూలు పెట్టాల."

తిమ్మరాయప్ప వంగి తెర చూశాడు. 'పని చేస్తున్నది' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. సర్వరు కొత్తగా పెట్టినప్పుడు అది తనంతట తాను చూపించే పలకరింపు పేజీ.

"పని చేస్తా ఉండానని అదే చెప్తా ఉండాది గదప్పా! ఇంగ నీకేమి సందేహం?"

"అది వడ్డించేవాడి మాట. వంటవాడు వచ్చినాడా లేదా తెలీదు."

తిమ్మరాయప్ప నాగరత్న వైపు తిరిగాడు. "ఏమమ్మా, వంటవాణ్ణి కూడా పిలిచినారా?"

నాగరత్నకు ఈ పాఠం ముందు రోజే అయింది. సర్వరంటే వడ్డించేవాడు. ఎవరు వచ్చి ఏ పేజీ అడిగినా తెచ్చి ఆకులో పెట్టడం వాడి పని. మాడ్యూలంటే వంటవాడు. లెక్కగట్టవలసినదాన్ని గట్టి, వండి, వడ్డించేవాడి చేతికి ఇస్తాడు. వంటవాడు రాకపోతే వడ్డించేవాడు ఏమీ ఆలోచించడు. బియ్యమూ కందిపప్పూ పచ్చివే తెచ్చి ఆకులో పోసి పోతాడు. అంటే తిథి అడిగినవాళ్ళకు తిథి బదులు, తిథి ఎట్లా లెక్కగట్టాలో సుధీంద్ర ఇంగ్లీషులో రాసిందంతా తెర మీద కనిపిస్తుంది. ఇదంతా విని నాగరత్న, "అట్లాంటి వడ్డనలు పెళ్ళిళ్ళలో చూసినాంలే" అన్నది.

తిమ్మరాయప్ప కాఫీ తాగి లోటా కింద పెట్టాడు. "చూడప్పా, ఆదివారం మీటింగు ఉండాది. జనాలు నన్ను తింటా ఉండారు. ‘మా నాయన తిథి దాటిపోతే పాపం ఎవరికి?’ అంటా ఉండారు. నాకే అంటాదంట! ఆదివారానికి ఇది నడిస్తే సరి. లేకుంటే బెంగుళూరులో ఒక కంపెనీ వాళ్ళు చూసుకుంటామన్నారు, పేజీ వాళ్ళకు ఇచ్చేస్తాం. నువ్వూ ఈ వయసులో ఎందుకప్పా కండ్లు చెడగొట్టుకుంటావు? హాయిగా ఇంట్లో కూర్చో."

ఆయన మంచికే అన్నాడు. నాగరత్న లోటా తీసుకుని లోపలికి పోతూ, కిటికీలోంచి పెరట్లోని బండను చూసింది. ఆ పేజీ బెంగుళూరుకు పోతే ఈ మనిషి హాయిగా ఎక్కడ కూర్చుంటాడో ఆమెకు తెలుసు.

తిమ్మరాయప్ప గేటు దాటాక సీతారామ పని మొదలుపెట్టాడు. మాడ్యూలు ఫైళ్ళను కంప్యూటరు పుస్తకంలో చెప్పిన చోట పెట్టాడు. ఇక సర్వరుకు సంబంధించిన పెద్ద ఫైలు ఒకటి ఉంటుంది. అది లేవగానే మొదట చదువుకునేది అదే. ఎవరెవరిని పిలవాలో, ఏది ఎక్కడుందో అన్నీ అందులో రాసి ఉంటాయి. దాంట్లో 'ఈ మాడ్యూలును కూడా పిలుచుకో' అని ఒక వరుస చేర్చాలి. సీతారామ ఫైలు తెరిచాడు. అన్నిటికంటే పైకి పోయి, ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టి, కిందికి దిగి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆ వరుస చేర్చాడు. ఫైలు మూశాడు. సర్వరును ఆపి మళ్ళీ లేపాడు.

అది లేవలేదు. తెర మూలన పచ్చగా ఉండవలసిన చుక్క ఎర్రగా ఉండిపోయింది.

తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి, ఏమైందో చెప్పమని సర్వరును అడిగాడు. జవాబు ఇంగ్లీషులో వచ్చింది. సీతారామ దాన్ని నాగరత్నకు తెలుగులో చదివి వినిపించాడు. "మొదటి వరుసలో తప్పు ఉండాది. ఈ ఆజ్ఞ చెల్లదు. అక్షరాలు తప్పు రాసి ఉండొచ్చు, లేదా ఈ సర్వరులో చేర్చని మాడ్యూలుకు సంబంధించింది కావొచ్చు." ఆ ఇంగ్లీషు మధ్యలో శ్రీ అనే మాట కూడా కనిపించింది. దాన్ని చూసి సీతారామకు ఏమీ అనిపించలేదు. ఏ కాగితంలోనైనా శ్రీ కనిపించడం ఆయనకు వింత కాదు.

"మాడ్యూలు చేరలేదంట," అన్నాడు.

"మొదటి వరుస అంటా ఉండాది గదా?"

"మొదటి వరుస చూసినాను. శ్రీ కింద మొదటి వరుస, హ్యాష్ గుర్తుతో ఉండేది. హ్యాష్ ఉంటే దాన్ని మెషిను చదవదు, మనుషుల కోసం రాసింది అది. దాంట్లో తప్పెట్లా ఉంటాది? మాడ్యూలే."

మాడ్యూలును తీసేసి మళ్ళీ పెట్టాడు. ఎర్ర చుక్క. ఇంకొక చోటినుంచి తెచ్చి పెట్టాడు. ఎర్ర చుక్క. మర్నాడు సర్వరునే మొత్తంగా పీకేసి, మొదటినుంచి మళ్ళీ పెట్టాడు. పలకరింపు పేజీ వచ్చింది. పచ్చ చుక్క. కొత్త ఫైలు తెరిచి, పైకి పోయి, శ్రీ కొట్టి, మాడ్యూలు వరుస చేర్చాడు. ఎర్ర చుక్క.

"చూసినావా," అన్నాడు. "మాడ్యూలు పేరు ఎత్తితేనే పడకేస్తా ఉండాది."

మాడ్యూలు పేరు ఎత్తక ముందు అది నిక్షేపంగా ఉన్నమాట నిజమే.

టైము ఎంతని అడిగే చిన్న పేజీ ఒకటి కూడా ఆయన రాసిపెట్టుకున్నాడు. మాడ్యూలు పనిచేస్తే అది టైము చెబుతుంది, చేయకపోతే ప్రశ్ననే తిరిగి చూపిస్తుంది. కానీ అసలు సర్వరే లేవకపోతే దాన్ని అడిగేది ఎవరిని? నాగరత్న గోడ గడియారం చూసి, వంట టైమైందని మాత్రం చెప్పింది.

శుక్రవారం పొద్దున సీతారామ స్నానం చేసి, చొక్కా వేసుకోలేదు. కుట్టుమిషను ముందు కూర్చోలేదు. పెరటి తలుపు తీసి గడపలో నిలబడ్డాడు.

నాగరత్న చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. సుధీంద్ర రోజూ మారికుప్పం రైలుబండిలో బెంగుళూరుకు పోయి వస్తాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి తానే చేసిస్తానని వాడు ముందే అన్నాడు, సీతారామ వద్దన్నాడు. కనుక ఇప్పుడు ఆయనను అడగకుండానే చేసింది.

"రేయ్, బండిలో ఉండావా? మీ మామ మాట్లాడతాడంట."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు సీతారామ గడపలోంచి.

"అన్నారు. తీసుకోండి." ఫోనును గట్టిగా వినిపించేటట్టు పెట్టి ఆయన చేతిలో పెట్టింది.

బండి చప్పుడు, జనం మాటలు, శెనక్కాయలమ్మే మనిషి అరుపు ఇంట్లోకి వచ్చాయి.

"ఏం మామా, లేసిందా?"

"లేయలేదు. మీ మాడ్యూలు మంచిది కాదు."

"మా మాడ్యూలు ఏంటి మామా, లోకమంతా వాడతా ఉండారు. ఏమంటా ఉండాది అది?"

సీతారామ చదివాడు.

"మొదటి లైను అంటా ఉండాదే. మొదటి లైను చదువు."

"హ్యాష్‌తో మొదలయ్యేది. చదివినాను."

"అది కాదు. హ్యాష్ ఉంటే దాని జోలికే పోదు. దాని పైన ఏముండాది?"

"పైన ఏమీ లేదు."

"ఖాళీ లైనా?"

"ఖాళీ ఏమి కాదు. శ్రీ ఉండాది. దాని పైన ఏమీ లేదు."

శెనక్కాయల మనిషి రెండుసార్లు అరిచాడు.

"మామా."

"చెప్పు."

"శ్రీ ఉండాదా?"

"ఉండదా మరి? లేకుండా యాడన్నా రాస్తారా?"

"అయ్యో మామా! అది శ్రీని ఆజ్ఞ అనుకుంటా ఉండాది. ఫైలులో ఏమి రాసినా, నన్ను ఏదో చేయమంటా ఉండారనే అనుకుంటాది. శ్రీ అంటే ఏమి చెయ్యాలో దానికి తెలీదు. తెలీక పడుకునింది. పాపం, అదేమి చేస్తాది!"

"నువ్వు పెట్టినప్పుడు శ్రీ రాయలేదా?"

"లేదు మామా."

"అందుకే ఆ మెషిను చచ్చింది," అన్నాడు సీతారామ.

బండిలో సుధీంద్ర పక్కన ఎవరో పకపకా నవ్వారు. "అది తీసెయ్ మామా, అంతే. వెంటనే లేస్తా..." అంటుండగా సిగ్నలు పోయింది.

సీతారామ ఫైలు తెరిచాడు. శ్రీ పక్కన గీత మిణుకుమిణుకుమంటున్నది. చెరిపే మీట మీద వేలు పెట్టాడు. పెట్టిన వేలు పెట్టినట్టే ఉంది.

నాగరత్న తొందరపెట్టలేదు. ఆయనకు శ్రీ లేని కాగితం ఒక్కటే తెలుసు. నమ్రత పోయినప్పుడు దూరపు బంధువులకు కార్డులు రాయడానికి కూర్చున్నాడు. చావు కబురు రాసే కార్డు తలమీద శ్రీ పెట్టరు. అది లేకపోవడం చూసే, చదవక ముందే ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలుపెడతారు. ఆ రోజు సీతారామ చేయి అలవాటు కొద్దీ శ్రీ రాసేసింది. ఆ కార్డు చించాడు. రెండో దాని మీదా రాసేసింది. అదీ చించాడు. చివరికి నాగరత్న కార్డు తలభాగాన్ని తన అరచేత్తో మూసి పట్టుకుంటే, కిందినుంచి రాశాడు. అన్ని కార్డులూ అట్లాగే అయ్యాయి. అప్పటినుంచి గ్యాసు చీటీ మీద కూడా ఆయన ముందు శ్రీ రాస్తాడు.

"నేను తియ్యలేను," అన్నాడు సీతారామ.

"తియ్యొద్దు."

"తియ్యకుంటే లేయదు."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నాగరత్నే ఎత్తింది. "రేయ్, మీ మామ శ్రీ తియ్యడు. వేరే దారి చెప్పు."

ఆ కార్డుల సంగతి సుధీంద్రకూ తెలుసు. "తియ్యొద్దులే అత్తా," అన్నాడు. ఈసారి వాడి గొంతులో నవ్వు లేదు. "శ్రీ ముందర హ్యాష్ గుర్తు పెట్టమను. అది ఆ లైనును దాటుకుని పోతాది. శ్రీ ఉండేచోటే ఉంటాది."

సీతారామ విన్నాడు. కానీ ఆయనకు అది నచ్చలేదు. "అది చదవనప్పుడు రాసినట్టెట్లా అవుతాది? మూట కట్టి అటక మీద పెట్టినట్టు."

"గడపకు రోజూ పసుపు పూస్తాను," అన్నది నాగరత్న. "వచ్చేవాళ్ళు తొక్కకుండా దాటుకునే గదా లోపలికి వస్తారు? దాటినారని పసుపు లేదనా? అది గూడా దాటుకుని రానీండి."

సీతారామ కాసేపు గడప వైపు చూశాడు. నిజంగానే పసుపు ఉంది. చూపుడు వేలితో హ్యాష్ మీట వెతికి, శ్రీకి ముందు ఒక్కసారి కొట్టాడు. ఫైలు మూసి, సర్వరును లేపాడు.

చుక్క పచ్చగా మారింది.

టైము అడిగే పేజీ తెరిచాడు. టైము వచ్చింది. గోడ గడియారం కంటే కొంచెం ముందుంది. గోడ గడియారమే తప్పన్నాడు. తర్వాత తిథి పేజీ తెరిచి, తన తండ్రి పోయిన తేదీ కొట్టాడు. అది చెప్పిన తిథినీ, రోజునూ పంచాంగంతో సరిచూసుకున్నాడు. రెండూ కలిశాయి.

నాగరత్న స్టవ్ దగ్గరికి పోబోతూ వెనక్కి చూసేసరికి ఆయన మళ్ళీ ఆ పెద్ద ఫైలు తెరిచి, ఈసారి మాడ్యూలు వరుసకు ముందు హ్యాష్ పెడుతున్నాడు.

"అయ్యో, ఏం చేస్తా ఉండారు? వచ్చిన వంటవాణ్ణి ఏంటికి పంపిస్తా ఉండారు?"

"వాడు లేకుంటే ఆగుతాదా లేదా చూడాల. మీట వేస్తే దీపం వెలిగేది ఒక్కటే చూస్తే చాలదు. ఆపితే ఆరాల. ఆరని దీపాన్ని నేను ఏ రోజూ కిందికి పంపలేదు."

టైము పేజీ తెరిస్తే టైముకు బదులు ఆయన రాసిన ప్రశ్నే ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు కనిపించింది. ఆకులో పచ్చి బియ్యం. సీతారామ దాన్ని తృప్తిగా చూసి, హ్యాష్ తీసేసి, సర్వరును మళ్ళీ లేపాడు. టైము వచ్చింది. ఇంకోసారి తీసి, ఇంకోసారి పెట్టాడు. నాగరత్న చూడలేక వంటింట్లోకి పోయింది.

ఆదివారం మీటింగులో తిమ్మరాయప్ప తన తండ్రి తేదీ, మామ తేదీ కొట్టి చూసి, "బెంగుళూరోళ్ళకు ఫోను చేసి వద్దని చెప్పండప్పా" అని అరిచాడు. సున్నం వాసన ఇంకా పోని గదిలో కంప్యూటరును పెట్టించి, దుమ్ము పడకుండా దానికి ఒక పాత లుంగీ కప్పించాడు. ఆ లుంగీ కప్పితే అది వేడెక్కుతుందని సీతారామ, కప్పకపోతే దుమ్ము పోతుందని తిమ్మరాయప్ప, మీటింగు అయిపోయాక కూడా చాలాసేపు వాదించుకున్నారట. ఎవరు గెలిచారో నాగరత్నకు చెప్పలేదు. లుంగీ మాత్రం ఇంటికి వచ్చింది.

సోమవారం సీతారామ భోజనానికి కూర్చునే వేళకు ఫోను మోగింది. రాయల్పాడు నుంచి ఎవరో ఆడమనిషి. అత్తగారి తిథి పేజీలో చూసుకున్నదట, అది చెప్పింది సరేనా అని.

"ఉండమ్మా, ఏ తేదీ కొట్టినారు? పొద్దున పోయినారా, మధ్యాహ్నం దాటినాకా? ఏమమ్మా, గుర్తులేకుంటే ఎట్లా? మీ ఆయన్ను అడగండి. నేను లైనులో ఉంటాను."

ఆయన లైనులో ఉన్నాడు. ఆ ఇంట్లో అత్తగారు ఏ వేళకు పోయిందో ముగ్గురు మూడు మాటలు చెబుతున్నట్టుంది. సీతారామ ముగ్గురి మాటలూ విని, ముగ్గురినీ కోప్పడి, చివరికి తిథి చెప్పి ఫోను పెట్టేసరికి విస్తరిలో పులుసన్నం చల్లారిపోయింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఏమే, పులుసులో ఉప్పు వేసినావా లేదా?"

నాగరత్న సరిగ్గానే వేసింది. అయినా ఉప్పు జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.